వెర్న్ ముఖం

మెర్ల్ విసిరిన టీ కప్పు రసెల్ ఎడమ కణతకు తగిలి పగిలింది. వృద్ధాశ్రమంలో టీ ఎప్పుడూ గోరువెచ్చగానే ఇస్తారు కాబట్టి కాలలేదు. అతను కళ్ళు తుడుచుకుని చూసేసరికి, ఎనభై అయిదేళ్ళ తల్లి కుర్చీలోంచి లేచి, చేతికర్రను రెండు చేతులతో గొడ్డలిలా పట్టుకుని మీదికి వస్తోంది.

"ఇంకో అడుగు వేశావంటే బుర్ర రెండు చెక్కలు చేస్తాను, వెర్న్. పిల్లలు బడికి పోయారు. మధ్యలో అడ్డం వచ్చేవాళ్ళు లేరు. రా, చూద్దాం."

"అమ్మా, నేనే. నీ కొడుకు రస్టీని."

"వాడి పేరు నీ నోటితో ఎత్తకు."

మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది చెవి మీద. మూడోది పడకుండా అతను ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ళుగా కార్ల సొట్టలు తీస్తున్న చేతులవి. ఎంత గట్టిగా పట్టుకున్నాడో అతనికి తెలియలేదు. తెలిసేసరికి ఆమె చర్మం ఉల్లిపొరలా చిట్లి, అతని వేళ్ళ సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ఆమె మాత్రం అరవలేదు. పళ్ళు బిగించి అతని కళ్ళలోకే చూస్తూ నిలబడింది. ఆ మౌనం అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు. గోడ అవతల దెబ్బల చప్పుడు మాత్రం వినిపించేది, అమ్మ గొంతు వినిపించేది కాదు.

ఆశ్రమంలో మెర్ల్‌ను చూసుకునే లొసాలిని పరిగెత్తుకుంటూ వచ్చింది. ఫిజీ నుంచి వచ్చిన మనిషి, నిండైన విగ్రహం. మెర్ల్‌ని తన భాషలో బుబూ, అంటే నాయనమ్మా అని పిలిచేది.

"వదులన్నా. ముందు ఆ చెయ్యి వదులు. బుబూ, కర్ర నాకివ్వు. పంపించేస్తాను, ఇప్పుడే పంపించేస్తాను వాణ్ణి."

వదిలాడు. తల్లి మణికట్టు మీద నాలుగు వేళ్ళు, ఒక బొటనవేలు, అచ్చు గుద్దినట్టు పడ్డాయి. అలాంటి అచ్చులు అదే చేతి మీద అతను ఇదివరకు చూశాడు. కాండాంగ్‌లో చెరుకు తోటల వెనక ఇంట్లో ఉండగా, అక్కడ నడివేసవి అయిన జనవరి ఎండల్లో కూడా అమ్మ పొడుగు చేతుల జాకెట్టు వేసుకునేది వాటిని దాచడానికే.

తను పనిచేసే కార్ల షెడ్ దగ్గరికి ఎలా వచ్చాడో తెలియదు. బండిలో కూర్చునే, వెనక చూసే అద్దాన్ని తన వైపు తిప్పి చూసుకున్నాడు. అద్దంలో వెర్న్ ట్రాంటర్ ఉన్నాడు. కళ్ళ కింద గుంటలు, ఆ గుంటల కింద వేలాడే సంచులు, జారిపోయిన బుగ్గలు, ముక్కు రెండు పక్కల నుంచి నోటి దాకా చెరుకు కత్తితో గీసినట్టు రెండు మడతలు. యాభై నాలుగేళ్ళ వయసు దాకా రసెల్‌కు ఎవరి పోలికా లేదు. ఆ తర్వాత మూడేళ్ళలో తండ్రి వచ్చి అతని మొహంలో కాపురం పెట్టాడు.

*

వెర్న్ చెరుకు లారీ నడిపేవాడు. మెర్ల్ కంటే పదిహేడేళ్ళు పెద్ద. తాగి కొట్టేవాడని ఊళ్ళో అనుకునేవారు కానీ అది అబద్ధం, తాగనప్పుడే ఎక్కువ కొట్టేవాడు. అన్నీ లెక్కగా, నిదానంగా. చేతి గడియారం తీసి బల్ల మీద పెట్టి, చొక్కా చేతులు మడిచి, ఆ తర్వాత మొదలుపెట్టేవాడు. గడియారం బల్లను తాకిన చప్పుడుకే అక్క నొలీన్ మంచం కిందికి దూరేది.

రసెల్‌కు పదకొండేళ్ళప్పుడు ఒకరోజు అతను మంచం కిందికి దూరలేదు. అమ్మను జుట్టు పట్టుకుని ఈడుస్తున్న చేతిని కొరికాడు. వెర్న్ అమ్మను వదిలేసి కొడుకు మెడ వెనక పట్టుకుని, ముఖాన్ని వంటింటి ద్వారబంధానికేసి కొట్టాడు. ఒకసారి కొట్టి ఆగి, ఏదో ఆలోచించుకున్నట్టు నిలబడి, మళ్ళీ కొట్టాడు. రెండు కళ్ళూ మూసుకుపోయాయి. రెండు వారాలు బడికి పంపలేదు. గవదబిళ్ళలని టీచరుకు చెప్పింది అమ్మ.

ఆ దెబ్బలు ఇంకా పచ్చగా ఉండగానే వెర్న్ చచ్చిపోయాడు. శనివారం పొద్దున లారీ కిందికి దూరి ఏదో బిగిస్తుంటే జాకీ జారింది. యాభై ఆరేళ్ళు అతనికి. పోలీసులు వచ్చారు, చూశారు, టోపీలు తీసి అమ్మకు సానుభూతి చెప్పి వెళ్ళారు. రసెల్‌కు గుర్తున్నది బూట్లు మాత్రమే. లారీ కింద నుంచి బయటికి ఉన్న రెండు బూట్లు, ఒకదానికి లేసు కట్టలేదు.

*

ఆశ్రమం వాళ్ళు పద్ధతిగానే మాట్లాడారు. ఇకమీదట తల్లిని ఒంటరిగా కలవకూడదు, హాల్లో, సిబ్బంది ఎదురుగా మాత్రమే. రసెల్ ఎదురు చెప్పలేదు. తను చూసిన ఆ వేలిముద్రలకు అది చాలా చిన్న శిక్ష అనిపించింది.

విడ్డూరమేమిటంటే, ఫోన్లో ఆమె కొడుకును ఇట్టే గుర్తుపట్టేది. "తిన్నావా రస్టీ? గొంతు బరువుగా ఉందే" అనేది. ఎదురుగా నిలబడితేనే వెర్న్. లొసాలిని సలహా మీద ఒక ఆదివారం మూతికి మాస్కు కట్టుకుని వెళ్ళాడు. మెర్ల్ కాసేపు అతని కళ్ళ కింద చూస్తూ కూర్చుంది. ఉన్నట్టుండి వంగి, మాస్కుతో పాటు చెంప కూడా గీరుకుపోయేలా లాగి పారేసింది.

"దాక్కుంటున్నావా ఇప్పుడు? సిగ్గొచ్చిందా, వెర్న్?"

హాల్లో ముసలివాళ్ళంతా చూస్తున్నారు. రసెల్ గోళ్ళ గాట్లు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. లొసాలిని గేటు దాకా వచ్చి దూది ఇచ్చింది.

"కొన్నాళ్ళు ఫోన్‌తో సరిపెట్టుకో అన్నా."

"ఎన్నాళ్ళు? ఆవిడకెన్నాళ్ళున్నాయి?"

ఆమె ఇంకాస్త దూది తుంచి ఇచ్చింది.

*

సౌత్‌పోర్ట్‌లో సముద్రం వైపు అద్దాలున్న, ముఖాలకు ఆపరేషన్లు చేసే క్లినిక్ అది. ఎదురుచూసే గదిలో నలుగురు మగవాళ్ళు ఎవరి పత్రికలో వాళ్ళు తలలు దూర్చుకుని ఉన్నారు. సర్జన్ ఫిలిపా హెన్‌షాల్ సన్నగా, పొడుగ్గా ఉండే మనిషి, మాటలు ముక్కుసూటిగా మాట్లాడుతుంది. అతని ఫొటోను తెర మీద పెట్టి కళ్ళకూ నోటికీ మధ్య వేలితో చుట్టింది.

"మీ బాధంతా ఈ మధ్య భాగంలోనే ఉంది. వయసుతో లోపల ఎముక అరుగుతుంది. దాని మీద కూర్చున్న కొవ్వు కిందికి జారుతుంది. కంటి కింద గుంట, ముక్కు పక్కన మడత, రెండూ ఒకే జారుడు."

"సూదితో ఏదో నింపుతారటగా."

"నింపొచ్చు. ఏడాది, ఏడాదిన్నర ఉంటుంది. కానీ మీకు జారింది చాలా ఎక్కువ, రసెల్ గారూ. అంతా సూదితోనే నింపితే మొహం బన్ను లాగా ఉబ్బుతుంది. పైగా మగవాళ్ళకు బుగ్గ పైన గుండ్రంగా నింపితే ఆడపోలిక వచ్చేస్తుంది. ఆ తప్పు చేయించుకుని నా దగ్గరికి ఏడుస్తూ వచ్చేవాళ్ళు నెలకు ఇద్దరైనా ఉంటారు."

"ఇంకేం దారులున్నాయి?"

"బుగ్గ ఎముక మీద గట్టి ముక్క అమర్చొచ్చు. మీకు నేను పెట్టను. ఇక్కడ చూడండి, ఎడమ ఎముక ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కుంది. ఏమైంది?"

"తలుపు తగిలింది."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి మళ్ళీ తెర వైపు తిరిగింది. "సరే. మిగిలింది ఆపరేషన్. కణత దగ్గర వెంట్రుకల్లోనూ, కింది రెప్ప లోపలా కోసి, జారినదాన్ని పైకి లాగి కుట్టడం. పొట్టలోంచి కొంచెం కొవ్వు తీసి గుంటల్లో పెట్టడం. మూడు వారాలు మొహం చూసుకోలేరు. ఎలా కనిపించాలని మీ కోరిక?"

"ఎలా ఉన్నా పరవాలేదు. మా నాన్నలా లేకపోతే చాలు."

ఆమె కలం పక్కన పెట్టింది. అప్పుడు అతను కప్పు గురించి, మణికట్టు గురించి చెప్పాడు. తలుపు ఎలా తగిలిందో మాత్రం చెప్పలేదు.

"ముందు మీరు ఒక మానసిక నిపుణుణ్ణి కలవాలి" అంది ఆమె, అంతా విన్నాక. "ఆయన సరేనంటే మళ్ళీ నా దగ్గరికి రండి. ఆ తర్వాత కూడా ఆలోచించుకోడానికి గడువిస్తాను. ఇంకో మాట. ముఖం కొంత మార్చగలను. మీ అమ్మగారి తలలో ఉన్న మనిషి నా చేతికి అందడు. అది తెలిసే ఒప్పుకోండి."

నొలీన్ లిస్మోర్ నుంచి ఫోన్లో ఈ సంగతి విని చాలాసేపు నవ్వింది. అరవయ్యేళ్ళ ఆవిడ నవ్వు సిగరెట్లతో బొంగురుపోయింది.

"యాభై ఏడేళ్ళ మగాడివి, బుగ్గలు చేయించుకుంటావా? నీ షెడ్‌లో సుత్తి లేదూ, లోపలి నుంచి నాలుగు కొట్టుకుంటే సొట్ట పోతుంది కదరా."

"నవ్వు అక్కా, నవ్వు. నువ్వు మా ఇంటికి రావడం మానేసి ఎన్నాళ్ళయింది?"

నవ్వు ఆగిపోయింది. "రెండేళ్ళు."

"ఎందుకు మానేశావు?"

"నీకు తెలుసు." అగ్గిపుల్ల గీసిన చప్పుడు. "పోయిన క్రిస్మస్‌కు ముందు క్రిస్మస్. నువ్వు పందిమాంసం కోస్తూ వాచీ తీసి బల్ల మీద పెట్టావు. నేను బాత్రూములోకి పోయి గంట సేపు బయటికి రాలేదు. కోయించుకో. ఆస్పత్రికి నేనే తీసుకెళ్తాను."

*

మానసిక నిపుణుడు సరేనన్నాడు, సర్జన్ ఇచ్చిన గడువూ గడిచింది. ఆపరేషన్ అయిన అయిదో రోజు పొద్దున పది గంటలకు లొసాలిని ఫోన్ చేసింది. రసెల్ నాలుగు దిండ్ల మీద ఆనుకుని కూర్చున్నాడు. కళ్ళు చీలికల్లా ఉన్నాయి. బుగ్గలు వంకాయ రంగులో నిగనిగలాడుతున్నాయి, పాత నెత్తురు మెడ దాకా పసుపుపచ్చగా దిగింది. నొలీన్ అతని కళ్ళ మీద మంచు గుడ్డలు మారుస్తోంది.

"అన్నా, బుబు గదిలోపల కుర్చీ అడ్డం పెట్టుకుంది. పొద్దున టిఫిన్ల దగ్గర పెటిఫర్ అని ఇంకో ముసలాయన ఆవిడ కుర్చీలో కూర్చున్నాడని ఫోర్క్‌తో ఆయన చెయ్యి పొడిచింది. నాలుగు పోట్లు. నన్ను తోసేసి, కుట్టుపని బల్ల మీద కత్తెర లాక్కుని లోపలికి పోయింది. వెర్న్ తలుపు అవతల ఉన్నాడంటోంది. తలుపు నెట్టబోయినతని వేలు తెగింది. ఇప్పుడు పోలీసులకు ఫోన్ చేద్దామంటున్నారు, మత్తు సూది ఇచ్చి కట్టేస్తారు. నీ గొంతు వింటే తెరుస్తుంది. రాగలవా?"

"ఫోన్ తలుపు దగ్గర పెట్టు."

"పెట్టాను. ఫోన్లో ఉన్నది రస్టీ అంటే కూడా నమ్మడం లేదు, తలుపు దగ్గరికి నువ్వే రావాలి."

కదలకూడదని సర్జన్ గట్టిగా చెప్పింది. నొలీన్ కారు తాళాలు తీసింది. ట్వీడ్‌లోని ఆశ్రమం దాకా ముప్పావు గంట, ప్రతి గతుకుకూ అతని మొహంలో కుట్లు పెట్టిన చోటల్లా పొడిచినట్టయింది.

నడవాలో నేల మీద నెత్తురు చుక్కలు వరసగా ఉన్నాయి. నొలీన్ లోపలికి రానంది, కార్లోనే ఉండిపోయింది. రసెల్ తలుపుకు నుదురు ఆనించాడు.

"అమ్మా. నేను, రస్టీని. తలుపు తియ్యి."

లోపల నుంచి ఊపిరి చప్పుడు. "ఒక్కడివేనా?"

"ఒక్కణ్ణే."

కుర్చీ జరిగింది. తలుపు బెత్తెడు తెరుచుకుంది. ముందు కత్తెర మొన, దాని వెనక ఆమె కన్ను. ఆ కన్ను అతని మొహాన్ని పైనుంచి కింది దాకా చూసింది. అతను పొడవమన్నట్టు చేతులు కిందికి వదిలేశాడు. పట్టుకోకూడదని, ఏం జరిగినా మళ్ళీ ఆ మణికట్టు పట్టుకోకూడదని నిర్ణయించుకున్నాడు.

కత్తెర కిందికి దిగింది.

"అయ్యో, రస్టీ" అంది ఆమె. "ఎంత పని చేశాడురా నిన్ను."

చెయ్యి పట్టుకుని లోపలికి లాగి, తలుపు మూసి, కుర్చీని మళ్ళీ గడియ కింద బిగించింది. అతన్ని మంచం మీద కూర్చోబెట్టి, తువ్వాలు తడిపి తెచ్చి, వాచిన బుగ్గల మీద వేళ్ళు ఆనీ ఆననట్టు అద్దింది. రెండేళ్ళుగా ఆమె అతన్ని కొట్టడానికి తప్ప ముట్టుకోలేదు. రసెల్ కళ్ళలోంచి నీళ్ళు కారి కుట్ల మీద మండాయి.

"ఏడవకు. మీ అక్క మంచం కింద ఉందా? ఉండనీ. నువ్వు నా మాట విను." ఆమె పక్కనే కూర్చుని, కత్తెర ఒళ్ళో పెట్టుకుని, తలుపు మీదే కన్ను ఉంచి గొంతు తగ్గించింది. "శనివారం వాడు లారీ కిందికి దూరతాడు. గేర్ కింద నూనె కారుతోందని నేనే చెప్పాను. నువ్వు ఆ వైపు రాకు. ఏ చప్పుడు విన్నా రాకు. జాకీ పిడి బయటికే ఉంటుంది. ఒక్కసారి తిప్పితే చాలు."

రసెల్ ఆమె ఒళ్ళోని కత్తెర వైపు చూశాడు.

"వాడు పిలుస్తాడు" అంది ఆమె. "మెర్ల్ అని పిలుస్తాడు. నేను బట్టలు ఆరేస్తూ ఉంటాను. పిలుపు ఆగేదాకా ఆరేస్తాను. నన్ను కొడుతుంటే ఓర్చుకున్నాను, రస్టీ, పదిహేనేళ్ళు. కానీ నీ మొహం మీద చెయ్యి వేశాడు చూడు. ఇంక వాడికి రోజుల్లేవు."

బయట ఎవరో తలుపు తట్టారు. ఆమె చివాలున లేచి, కత్తెర ఎత్తి, అతనికి అడ్డంగా నిలబడింది. ఆ వంగిపోయిన వీపు వెనక, దాదాపు అరవయ్యేళ్ళ మనిషి, పదకొండేళ్ళ వాడిలా కూర్చున్నాడు.

"అమ్మా" అన్నాడు. "శనివారం అయిపోయింది."

"ఏంటి?"

"అయిపోయింది. జాకీ దిగింది. వాడు చచ్చిపోయాడు. పోలీసులు వచ్చి చూసి వెళ్ళిపోయారు. ఎవ్వరూ ఏమీ అడగలేదు."

ఆమె వెనక్కి తిరగలేదు. "నువ్వు చూశావా?"

"బూట్లు చూశాను. కదల్లేదు."

"బాగా చూశావా? వాడు నటిస్తాడు."

"చాలాసేపు చూశాను అమ్మా. ఒక లేసు ఊడి ఉంది. వాడు లేసు కట్టుకోకుండా ఉంటాడా?"

ఆమె ఆ మాట గురించి ఆలోచించింది. "ఉండడు" అంది చివరికి. మంచం మీద కూలబడింది. అతను ఆమె వేళ్ళలోంచి కత్తెర నెమ్మదిగా తీసుకున్నాడు, ఆమె ఇచ్చేసింది. కొంతసేపటికి కొడుకు భుజం మీద తల వాల్చి నోరు తెరుచుకుని నిద్రపోయింది. గడియ కింద కుర్చీ తీయడానికి అతను లేవలేదు. బయట లొసాలిని "అన్నా, బాగానే ఉన్నారా?" అని అడిగితే, "బాగానే ఉన్నాం, కాసేపు ఆగు" అన్నాడు.

కార్లోకి వచ్చి కూర్చున్నాక నొలీన్ అతని మొహం చూసి సిగరెట్ పారేసింది. "ఏమంది?"

చెప్పాలా వద్దా అని అతను తటపటాయిస్తుంటే ఆమే అంది. "జాకీ సంగతా?"

రసెల్ ఆమె వైపు తిరిగాడు.

"వాడు పిలవడం విన్నాను" అంది నొలీన్. "అమ్మనే కాదు, నన్నూ పిలిచాడు. నేను వంటింట్లో ఉన్నాను. రేడియో గట్టిగా పెట్టాను. పద్నాలుగేళ్ళు నాకు." ఆమె బండి స్టార్ట్ చేసింది, కానీ గేరు వేయలేదు. "మీ ఇద్దరికీ కలలు వచ్చాయేమో. నాకు ఒక్కటీ రాలేదురా. హాయిగా నిద్రపట్టేది. అదే నన్ను ఎప్పుడూ భయపెట్టేది."

ఇంటికి చేరేసరికి రసెల్ మొహంలో ఎడమ వైపు ఒక కుట్టు తెగింది. సర్జన్ మర్నాడు దాన్ని మళ్ళీ వేస్తూ అతన్ని బాగా తిట్టింది.

*

వాపు తగ్గడానికి నెల పట్టింది. కళ్ళ కింద గుంటలు పూడాయి, మడతలు సగానికి తగ్గాయి. ఎడమ వైపు కుడికంటే రవ్వంత కిందికే ఉండిపోయింది. అద్దంలో ఉన్నది వెర్న్ కాదు. అలాగని యాభై నాలుగేళ్ళ వయసు నాటి రసెల్ కూడా కాదు, ఎక్కడో చూసినట్టుండే ఎవరో మనిషి. షెడ్‌లో కుర్రాళ్ళు సెలవుకు పోయొచ్చావా అని అడిగారు, అంతే.

అంతకు ముందు, కమిలిన నల్లదనం వదలకుండానే మూడుసార్లు తల్లి దగ్గరికి వెళ్ళాడు. మూడుసార్లూ ఆమె తడిగుడ్డ తెచ్చింది. నాలుగోసారి మొహం తేరుకున్నాక వెళ్ళాడు. హాల్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది. లొసాలిని రెండడుగుల దూరంలో సిద్ధంగా నిలబడింది. మెర్ల్ తలెత్తి చూసింది. కర్ర వైపు చెయ్యి పోలేదు. కళ్ళలో ఏ వెలుగూ రాలేదు.

"ఏసీ బాగుచేయడానికి వచ్చావా బాబూ?"

అతను తలెత్తి ఏసీ వైపు చూశాడు. "అవునండీ" అన్నాడు.

"మూడు రోజులుగా చప్పుడు చేస్తోంది. కూర్చో, ఎండన పడి వచ్చావు. మా ఆయన ఉంటే చూసేవాడే, పోయాడు. జాకీ జారింది." వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. "మా అబ్బాయికి మొహం నిండా దెబ్బలు తగిలాయి, ఇప్పుడు తగ్గిపోయాయట. బడికి కూడా పోతున్నాడు."

"సంతోషం అండీ" అన్నాడు రసెల్.

ఇప్పుడు సిబ్బంది ఎవరూ పక్కన నిలబడటం లేదు. ఆదివారం ఆదివారం ఏసీ మనిషిగా వెళ్ళి కూర్చుంటాడు. పోయిన వారం భోజనం దగ్గర ఆమె కస్టర్డ్ గిన్నెలోంచి ఒక చెంచా తీసుకోబోతే, చేతి మీద ఫెడేలున ఒకటి వేసింది. నాలుగు బల్లల అవతలి వాళ్ళు కూడా తిరిగి చూశారు.

"పని కోసం వచ్చినవాడివి పని చూసుకో" అంది మెర్ల్. "ఇది నాది."

చెయ్యి ఎర్రగా కందింది. రసెల్ దాన్ని రుద్దుకుంటూ, ఆమె గిన్నె ఖాళీ చేసేదాకా ఎదురుగా కూర్చున్నాడు.